నలభయ్యో మెట్టు

అది గద్దలు కూడా గూడు కట్టని కొండ. పాతిక ఆమడల అడవికి అవతల, ఆకాశానికి అడ్డంగా నిలబెట్టిన నల్లరాతి పలకలా ఉంటుంది. దాని నెత్తిన నిశ్చలదుర్గం. ఎండ పడితే దాని బురుజులు పాము కుబుసంలా తళతళలాడతాయి. మబ్బు కమ్మితే బురుజులేవో బండలేవో తెలియకుండా కలిసిపోతాయి. ఒకప్పుడు ఆ కొండ పొట్టలోంచే తామ్రవేణీ నది పుట్టి, సింధూరనగర రాజ్యమంతటినీ తడుపుతూ పారేది. కరాళకంఠుడనే మాంత్రికుడు ఆ ఊటని బంధించి పైన కోట కట్టుకున్న నాటి నుంచి నదిలో ఇసుక తప్ప ఏమీ మిగలలేదు.

ఆ మధ్యాహ్నం కొండకి పడమటి వైపు ఇద్దరు మనుషులు బల్లుల్లా బండని కరుచుకుని పైకి పాకుతున్నారు. ఇద్దరికీ ఒంటి నిండా మసి, నడుముకి నారబట్టలు, వీపున నల్ల ఉమ్మెత్త పూల బుట్టలు. మాంత్రికుడి పూజకి పక్షానికోసారి పూలు మోసే అడవిజనం వేషం అది. పూలవాళ్ళ దారి కూడా అదే.

ముందు ఎక్కుతున్నది మైలమ. సింధూరనగరంలో ధాన్యం కొలిచే కొలగాళ్ళ ఇంటి పిల్ల. తాటిచెట్టు ఎక్కినంత సులువుగా బండ ఎక్కుతోంది. ఆమె నడుముకి కట్టిన తాడు రెండో కొస వెనకాల వస్తున్న శ్రీపర్ణుడి నడుముకి ఉంది. అతను ఆస్థాన గణకుడు. జీవితంలో మేడమెట్లు తప్ప ఎక్కి ఎరగడు.

"ఆచార్యులవారూ, కిందకి చూడకండి. నా మడమలు చూసుకుంటూ రండి."

"వస్తున్నాను మైలమా."

"చెయ్యి జారితే నన్ను పట్టుకోండి. మొహమాటపడకండి."

ఆ అమ్మాయి మంచిగా మాట్లాడిన ప్రతిసారీ శ్రీపర్ణుడికి గుండెల్లో ముల్లు దిగుతోంది. ఎందుకో చెప్పాలంటే మూడు నెలలు వెనక్కి వెళ్ళాలి.

కోటకి తూర్పున అసలు దారి ఉంది. నలభై మెట్లు. ఒక్కో మెట్టు ఒక అరుగంత. ప్రతి మెట్టు మీదా ఒక రాతి తొట్టి, తొట్టి పక్కన గులకరాళ్ళ గుట్ట, గుట్ట వెనక నిద్రపోతున్న ఒక శిలారాక్షసి. మొదటి తొట్టిలో నలభై మూడు రాళ్ళు పొయ్యాలి. రెండోదానిలో అంతకంటే నాలుగు ఎక్కువ, మూడోదానిలో మరో ఆరు ఎక్కువ, నాలుగోదానిలో మరో ఎనిమిది, అలా పైదాకా. ఒక్క రాయి తేడా వచ్చినా పై మెట్టుకి దారి తెరుచుకోదు. లెక్క సరిపోయినా ఇంకో గండం ఉంది. పోసిన రాళ్ళని సమానమైన వరుసలుగా పేర్చడానికి వీలుంటే రాక్షసి మేలుకుని, మెట్ల మీద ఉన్నవాళ్ళందరినీ రాళ్ళు చేసేస్తుంది. వీలుపడకపోతే ఆమె నిద్ర చెడదు. పన్నెండు రాళ్ళని మూడేసి చొప్పున నాలుగు వరుసలు పేర్చవచ్చు. పదమూడింటిని ఒకే బారుగా తప్ప పేర్చలేం. పదమూడు లాంటి వాటిని గణకులు అభేద్య సంఖ్యలంటారు.

ఈ సంగతి వేగులవాళ్ళు తెచ్చి చెప్పినప్పుడు హేమాంగద మహారాజు శ్రీపర్ణుణ్ణి ఒక్కటే అడిగాడు. "నలభై మెట్లలో రాక్షసి లేచే మెట్టు ఏదైనా ఉందా? ఉంటే దాన్ని తాడునిచ్చెన వేసి దాటిస్తాం. లేకపోతే తిన్నగా వెళతారు. పది రోజులు గడువు. చూసి చెప్పు."

శ్రీపర్ణుడు ఒక్కో మెట్టే తీసుకుని, దాని సంఖ్యని చిన్న చిన్న సంఖ్యలన్నిటితో భాగించి చూశాడు. నలభై మూడు అభేద్యం. నలభై ఏడు అభేద్యం. యాభై మూడు, అరవై ఒకటి, డెబ్భై ఒకటి, అన్నీ అభేద్యాలే. మెట్టు సంఖ్యని దాని పై సంఖ్యతో హెచ్చవేసి నలభై ఒకటి కలిపితే ఆ మెట్టు లెక్క వస్తుందని ముచ్చటైన సూత్రం కూడా కట్టాడు. ఇరవై మూడో మెట్టు దాకా ఒక్కటీ తప్పలేదు. ఇంకేం తప్పుతుందిలే అనిపించింది. మిగిలిన ఆరు రోజులూ తన సూత్రాన్ని పొగుడుకుంటూ పద్యాలు అల్లుకున్నాడు. సభలో నిలబడి, "నలభై మెట్లూ చూశాను మహారాజా. రాక్షసి లేచే మెట్టు లేదు" అన్నాడు. రాజు తన చేతి బంగారు కడియం తీసి అతని చేతికి తొడిగాడు.

యువరాజు జయధ్వజుడు వెళ్ళాడు. వెంట ముప్పై ఎనిమిది మంది భటులు, రాళ్ళు లెక్కపెట్టడానికి రాజ్యంలోకెల్లా నమ్మకమైన కొలగాడు బయ్యన. బయ్యన మైలమకి అన్న. కొండ కింద నిలబడి శ్రీపర్ణుడు చూస్తూనే ఉన్నాడు. ముప్పై తొమ్మిది మెట్లు ఎక్కారు. నలభయ్యో మెట్టు మీద బయ్యన తొట్టి మీదికి వంగి చివరి రాళ్ళు వేస్తున్నాడు. ఉన్నట్టుండి కొండంతా ఒక నిట్టూర్పు వినిపించింది. నలభై మందీ ఎక్కడి వాళ్ళక్కడ రాళ్ళయిపోయారు.

తిరుగు దారిలో గుర్రం మీద కూర్చుని శ్రీపర్ణుడు ఆ మెట్టు లెక్క వేశాడు. నలభై నలభై ఒకట్లు, వాటికి ఇంకో నలభై ఒకటి. అంటే నలభై ఒక్క నలభై ఒకట్లు. పదహారు వందల ఎనభై ఒక్క రాళ్ళు, చదరంగా పేర్చినట్టు కుదురుతాయి. భాగించి చూడక్కర్లేదు. ఆ మెట్టు కేసి ఒక్కసారి చూస్తే చాలు. గుర్రం దిగి, దారి పక్కన కూలబడ్డాడు.

సభకి వచ్చేసరికి మంత్రి ఎవరో అప్పటికే అంటున్నాడు, "కొలగాడు లెక్క తప్పి ఉంటాడు" అని. రాజు శ్రీపర్ణుడి వైపు చూశాడు. శ్రీపర్ణుడు తల వంచుకున్నాడు. ఆ తల వంచడమే బయ్యన నేరానికి సాక్ష్యమయింది. జనం బయ్యన తల్లి గడప మీద వాళ్ళింటి కుంచాన్ని పగలగొట్టారు. ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళ చేత గింజ కొలిపించుకున్నవాళ్ళు లేరు.

రాళ్ళయినవాళ్ళని విడిపించి తెస్తానని శ్రీపర్ణుడు బయలుదేరిన రోజు మైలమ అతని గుమ్మంలో నిలబడింది. "మా అన్న తప్పు దిద్దే పని. నన్ను కూడా తీసుకెళ్ళండి" అంది. రావద్దనడానికి అతనికి నోరు రాలేదు. నిజం చెప్పడానికి అసలే రాలేదు.

ఇప్పుడు సగం కొండ ఎక్కారు. శ్రీపర్ణుడు మోచేతికి చుట్టుకున్న నారపట్టీ రాతి అంచుకి తగులుకుని సర్రున చిరిగింది. కింద దాచుకున్న కడియం ఎండకి భగ్గున మెరిసింది.

శిఖరం మీద రాతిబొమ్మలా కూర్చున్న గండభేరుండం రెండు తలలూ ఒక్కసారే ఇటు తిప్పింది. ఏనుగుని కాలి గోళ్ళ మధ్య ఇరికించుకుని ఎగరగల పక్షి అది. రెక్కలు విప్పితే కొండ సగం నీడలో పడింది. పూలవాళ్ళని అది ఏమీ అనదు, బంగారం కనిపిస్తే మాత్రం ఆగదు. గాలిని చీల్చుకుంటూ రాయి పడినట్టు పడింది. దాని రెక్క విసురుకి శ్రీపర్ణుడి కాళ్ళు జారిపోయాయి. తాడు బిర్రుగా లాగింది. అతను పాతాళం మీద గుండ్రంగా తిరుగుతూ వేలాడాడు.

మైలమ ఒక చేత్తో రాతి పగులుని, ఇంకో చేత్తో పూలు కోసే కొడవలిని పట్టుకుని పక్షికి ఎదురు తిరిగింది. కొడవలి ఒక ముక్కుకి తగిలి ఖణేల్మంది. రెండో ముక్కు ఆమె ముంజేతిని చీల్చేసింది. నెత్తురు ధారగా శ్రీపర్ణుడి ముఖం మీద పడింది.

"ఆ మెరిసేది తీసి పారెయ్యండి," అని అరిచింది.

అతను కడియం ఊడబీకి దూరంగా విసిరాడు. గండభేరుండం దాని వెంట దూకింది. కుడి తల అందుకోబోతే ఎడమ తల లాక్కుంది. రెండు తలలూ ఒకదాన్నొకటి పొడుచుకుంటూ, రెక్కలు పెనవేసుకుపోయి, బంగారం కోసం కొట్లాడుతూ లోయలోకి దొర్లిపోయాయి. చాలాసేపటికి కింద ఎక్కడో చెట్లు విరిగిన చప్పుడు వినిపించింది.

మైలమ అతన్ని పైకి లాగింది. ఇద్దరూ ఒక చిన్న గట్టు మీద చతికిలబడ్డారు. అతను తన బట్ట చింపి ఆమె చేతికి కట్టు కట్టసాగాడు.

"మీకేం దెబ్బ తగల్లేదు కదా?" అంది ఆమె.

"నీ చెయ్యి చూసుకో ముందు."

"దీనికేముంది. మా అన్న చేసినదానికి నేను ఈ మాత్రం పడకపోతే ఎట్లా. నలభై మంది, ఆచార్యులవారూ. కళ్ళు మూసుకుంటే వాళ్ళ పెళ్ళాలూ పిల్లలే కనబడతారు నాకు. మా అమ్మయితే తలుపు తీసి బయటికే రాదు."

కట్టు కడుతున్న చేతులు ఆగిపోయాయి.

"మైలమా, మీ అన్న లెక్క తప్పలేదు."

"ఓదార్చడానికి చెప్పకండి. నేను ఏడవట్లేదు."

"ఓదార్పు కాదు. ఆ మెట్టులో పదహారు వందల ఎనభై ఒకటి పొయ్యాలి. అన్నే పోశాడు. పోసిన సంఖ్యే భేద్యం. అది నేను చూడాల్సింది. ఇరవై మూడో మెట్టు దాకా చూసి మానేశాను. నలభైయ్యీ చూశానని రాజుగారికి చెప్పాను."

ఆమె తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

"ఆ రోజే. తిరిగి వచ్చే దారిలో."

"ఆ రోజే," అంది ఆమె. తర్వాత నెమ్మదిగా, "మా అమ్మ గడప మీద కుంచం పగలగొట్టినప్పుడు మీరు ఆ వీధిలో ఉన్నారు. పల్లకీ ఆపి చూశారు. నేను చూశాను మిమ్మల్ని. మా మీద జాలిపడుతున్నారనుకున్నా," అంది.

ఆమె లేచి, తన నడుము దగ్గరి ముడి మీద చెయ్యి వేసింది. తాడు విప్పేసి తన దారిన తాను పోతుందనుకున్నాడు శ్రీపర్ణుడు. పోతే న్యాయమే అనుకున్నాడు కూడా. ఆమె ముడిని ఇంకాస్త బిగించింది.

"మీరు పడిపోతే లోపల లెక్క చెప్పేవాళ్ళుండరు. పదండి."

ఆ తర్వాత ఆమె అతన్ని ఆచార్యులవారూ అని పిలవలేదు. అసలు ఏ పేరుతోనూ పిలవలేదు.

పొద్దు వాలకముందే ఇద్దరూ కోట పెరటి ద్వారం దగ్గరికి చేరారు. కాపలా భూతం బుట్టల్లోకి తొంగి చూసి, ఉమ్మెత్త పూలు వాసన చూసి, దారి వదిలింది. లోపల సభామంటపం. పైకప్పుకి వెయ్యి స్ఫటిక దీపాలు. స్తంభాలకి నల్లని సర్పాలు చుట్టుకుని ఊపిరి పీలుస్తున్నాయి. గోడకి ఒక మహాకాయమైన స్త్రీ ముఖం చెక్కి ఉంది, కళ్ళు మూసుకుని. దాని ఎదట, ఉత్సవానికి అలంకరించిన బొమ్మల్లా, నలభై రాతి విగ్రహాలు బారులు తీరి ఉన్నాయి. గెలుపుకి గుర్తుగా మాంత్రికుడు వాటిని మెట్ల మీద నుంచి ఇక్కడికి మోయించుకున్నాడు.

జయధ్వజుడి విగ్రహం కత్తి దూసి ఉంది. బయ్యన విగ్రహం వంగి ఉంది. చెయ్యి చాచి, తొట్టిలో ఆనించిన చివరి గులకరాయి ఇంకా వేళ్ళ చివరే ఉంది.

మైలమ బుట్ట దించింది. దించి, నాలుగడుగులు వేసి, అన్న రాతి చెంప మీద చెయ్యి పెట్టింది. పూలవాళ్ళెవరూ చెయ్యని పని అది.

"పూలమ్మాయికి రాళ్ళతో చుట్టరికమా?" అన్న మాట మంటపమంతా మోగింది.

కరాళకంఠుడు పీఠం దిగి వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, ఎండిన పిడకలాంటి ముఖం, నడుము దాకా ఎర్రటి జడలు. మెడలో ఏడు పేటల పూసల మాల. ఆ మాల మెడతో ఆగలేదు. వెనకాల నేల మీద పాకుతూ వెళ్ళి ఒక నూతిలోకి దిగిపోయింది. అందులో కోటి పూసలున్నాయి. పూస పూసకీ ఒక అభేద్య సంఖ్య.

ఇక్కడికి వచ్చే దారిలో, కదళీవనంలో కలిసిన ఒక ముసలి యక్షుడు వాళ్ళకి చెప్పిన రహస్యం ఆ మాల గురించే. అభేద్య సంఖ్యలన్నీ ఆ మాలలో ఉన్నంత కాలం కరాళకంఠుడి బందీలకి విడుదల లేదని గోడలోని శిలాముఖి అతనికి వరమిచ్చింది. మాల బయట ఒక్క అభేద్య సంఖ్య ఉందని ఎవరైనా ఆమె ఎదట నిలబడి రుజువు చేస్తే వరం చెల్లిపోతుంది. వాదానికి వచ్చినవాళ్ళని అతను కాదనడానికి వీల్లేదు. అయితే ఆమె ఎదట అబద్ధ ప్రమాణం చేసినవాడు రాయి అయిపోతాడు.

శ్రీపర్ణుడు ముఖం మీది మసి తుడుచుకున్నాడు. "నేను సింధూరనగర గణకుణ్ణి. నీ మాలలో లేని అభేద్య సంఖ్య ఉందని శిలాముఖి ఎదట వాదానికి వచ్చాను."

మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నువ్వా? నువ్వు పంపిన కానుకలే కదయ్యా ఈ నలభై బొమ్మలూ. నీలాంటి గణకుడు ప్రతి రాజ్యానికీ ఒకడుంటే నాకు సైన్యం దేనికి? సరే, చెప్పు. ఆ సంఖ్య ఏది?"

"ఆ సంఖ్య ఏదో నాకు తెలియదు. ఉందని మాత్రం తెలుసు. నీ మాలలో ఉన్న సంఖ్యలన్నిటినీ ఒకదానితో ఒకటి హెచ్చవెయ్యి. వచ్చినన్ని రాళ్ళు రాశి పొయ్యి. దానికి ఒక్క రాయి కలుపు. ఆ రాశిలోంచి పుడుతుంది."

కరాళకంఠుడి కళ్ళు పిల్లి కళ్ళలా సన్నబడ్డాయి. "కోటి పూసల రాశికి ఈ లోకంలో రాళ్ళు చాలవు. చిన్న మాలతో చూపించు." చిటిక వేశాడు. గులకరాళ్ళ ప్రవాహం నేల మీదికి దొర్లుకుంటూ వచ్చింది. మాల మొదట్లోంచి పూసలు ఒక్కొక్కటే వెలిగాయి.

రెండు. ఒకటి కలిపితే మూడు. అభేద్యం.

రెండూ మూడూ. హెచ్చవేస్తే ఆరు, ఒకటి కలిపితే ఏడు. అభేద్యం.

అయిదు చేరింది. ముప్పై ఒకటి. ఏడు చేరింది. రెండు వందల పదకొండు. పదకొండు చేరింది. రెండు వేల మూడు వందల పదకొండు. మాంత్రికుడి భూతాలు రాళ్ళని వరుసలుగా పేర్చబోయి, కుదరక, ప్రతిసారీ చేతులు దించేశాయి. అన్నీ అభేద్యాలే. శిలాముఖి కనురెప్పలు సన్నగా అదిరాయి.

"భేష్," అన్నాడు కరాళకంఠుడు, గొంతులో తేనె పోసుకున్నట్టు. "అయిదుసార్లూ రాశే అభేద్యమయింది. ఆరో పూస పదమూడు. రాశి ముప్పై వేల ముప్పై ఒకటి అవుతుంది. అదీ అభేద్యమేనని ప్రమాణం చెయ్యి. ఒక్క మాట. నా వరం పోతుంది, నీ వాళ్ళు లేస్తారు."

శ్రీపర్ణుడి నోటి చివరికి మాట వచ్చేసింది. అయిదుసార్లు అయింది, ఆరోసారి ఎందుకు కాదు? సభలో కడియం తొడిగించుకున్న రోజున నోట్లో ఊరిన తీపే ఇప్పుడూ ఊరింది.

"చూశారా?"

అడిగింది మైలమ. గట్టు మీద నుంచి కదిలిన తర్వాత అతనితో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. అన్న విగ్రహం పక్కనే నిలబడి, కట్టు కట్టిన చేతిని గుండెకి ఆనించుకుని అడిగింది. "ఆరోది చూశారా?"

అతను ఆమె వైపు తిరిగాడు. "లేదు. చూడలేదు."

"చూడకపోతే చెప్పకండి."

శ్రీపర్ణుడు శిలాముఖికి ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మా, ముప్పై వేల ముప్పై ఒకటి అభేద్యమని నేను ప్రమాణం చెయ్యను. నాకు తెలియదు. తెలిసినంత వరకే చెబుతాను. ఆ రాశిని రెండేసి చొప్పున పేర్చినా ఒక రాయి మిగులుతుంది, మూడేసి పేర్చినా మిగులుతుంది, మాలలోని ఏ పూసతో పేర్చినా ఒకటి మిగిలి తీరుతుంది, ఎందుకంటే చివర ఒక రాయి కలిపాం. ఇది ఆరు పూసల మాలకీ నిజం, కోటి పూసల మాలకీ నిజం. ఒక్కోటి చూడక్కర్లేదు. ఇక ఆ రాశి తానే అభేద్యమైతే, అది మాలలో లేని సంఖ్య. కాక భేద్యమైతే, దాన్ని సమంగా పేర్చగల వరుసల్లో అన్నిటికంటే చిన్నది ఒకటుంటుంది. ఆ చిన్న వరుస అభేద్యమే అయి ఉండాలి. లేకపోతే దాన్ని ఇంకా చిన్న వరుసలుగా విడదీసేవాళ్ళం, అప్పుడది అన్నిటికంటే చిన్నది కాకపోయేది. అది ఈ పూసల్లో ఏదీ కాదు, ఏ పూసతో పేర్చినా ఒకటి మిగిలిపోతుంది కనక. ఎటు చూసినా మాల బయట ఒక అభేద్య సంఖ్య ఉంది. ఏ మాలకైనా అంతే. దీనికి ప్రమాణం చేస్తున్నాను."

మంటపంలో సర్పాల ఊపిరి కూడా ఆగింది.

కరాళకంఠుడు పళ్ళు పటపటలాడించాడు. అతను ఇంకా ఏదో అనబోతుండగానే నేల మీది గులకరాళ్ళు వాటంతట అవే కదిలాయి. ముప్పై వేల ముప్పై ఒక్క రాళ్ళూ సైన్యంలా సర్దుకుని బారులు తీరాయి. యాభై తొమ్మిది వరుసలు, వరుసకి అయిదు వందల తొమ్మిది. ఒక్క రాయి మిగల్లేదు.

అంటే ఆ సంఖ్య భేద్యమే. అభేద్యమని ప్రమాణం చేసి ఉంటే ఈ పాటికి మంటపంలో నలభై ఒకటో విగ్రహం నిలబడేది. కానీ యాభై తొమ్మిదీ అభేద్యమే, అయిదు వందల తొమ్మిదీ అభేద్యమే. వెలిగిన ఆరు పూసల్లో ఆ రెండూ లేవు. అతను చెప్పినది చెప్పినట్టే నిలిచింది.

శిలాముఖి కళ్ళు తెరిచింది.

మాల పుటుక్కున తెగింది. కోటి పూసలు నూతిలోంచి పైకి చిమ్మి, వడగళ్ళలా కురిశాయి. కరాళకంఠుడు రెండు చేతులా వాటిని ఏరుకోబోయాడు. తాకిన చోటల్లా అతని వేళ్ళు పొగయిపోయాయి. చివరికి మనిషంతా ఒక నల్లని పొగచుట్టగా మారి, నేల పగుళ్ళలోంచి కొండ పొట్టలోకి జారిపోయాడు. పోతూ పోతూ అతను వేసిన కేకకి తూర్పు గోడ కూలింది. దానితో పాటు నలభై మెట్లూ విరిగి లోయలో పడిపోయాయి.

రాతి చెంపల మీదికి రక్తం వచ్చింది. యువరాజు కత్తి కదిలింది. ఒక్కొక్క భటుడూ నీళ్ళలోంచి పైకి వచ్చినవాడిలా ఊపిరి పీల్చాడు. బయ్యన వేళ్ళ మధ్య ఉన్న రాయి నేల మీద పడింది.

"పదహారు వందల ఎనభై ఒకటి," అన్నాడు బయ్యన, మూడు నెలల కిందట మొదలుపెట్టిన లెక్క ముగిస్తూ. నడుము నిటారు చేసి యువరాజు కేసి చూశాడు. "లెక్క సరిగ్గా ఉంది ప్రభూ." అప్పుడు చెల్లెలు కనబడింది. "మైలీ? నువ్వేంటే ఇక్కడ?"

మైలమ అతని భుజం మీద తల పెట్టుకుని, కొండ ఎక్కుతూ ఏడవని ఏడుపంతా ఏడ్చింది.

జయధ్వజుడు చుట్టూ చూశాడు. "లెక్క సరిగ్గా ఉంటే రాక్షసి ఎందుకు లేచింది?"

మైలమ తల ఎత్తింది గాని శ్రీపర్ణుడి వైపు చూడలేదు. అతను తనంతట తానే ముందుకి వచ్చి, యువరాజు ఎదట మోకరిల్లాడు.

"నా వల్ల ప్రభూ. ఆ రాళ్ళు నలభై ఒక్క వరుసలుగా పేరుకుంటాయి, వరుసకి నలభై ఒకటి. నేను ఇరవై మూడు మెట్లు చూసి, నలభైయ్యీ చూశానని మీ తండ్రిగారితో అబద్ధం చెప్పాను. మీరు రాళ్ళయ్యాక బయ్యన లెక్క తప్పాడని జనం అంటుంటే నోరు మూసుకున్నాను. మూడు నెలలు ఆ నింద అతని ఇంటివాళ్ళు మోశారు."

భటుల్లో గుసగుసలు రేగాయి. ఒకడు కత్తి దూశాడు. యువరాజు చెయ్యెత్తి ఆపాడు.

"నా ముందు చెబితే సరిపోదు," అన్నాడు జయధ్వజుడు. "సింధూరనగరంలో బయ్యన వాళ్ళ వీధిలో నిలబడి, నలుగురూ వినేలా చెప్పాలి. అది అయ్యాక నీకేం శిక్షో తేలుస్తాను. అంతదాకా నువ్వు నా బందీవి."

"చిత్తం."

బయ్యన అతని వంక వింతగా చూశాడు. కోపం ఇంకా రాలేదు అతనికి. విన్నది పూర్తిగా ఎక్కలేదు. "ఆ ఒక్క మెట్టే కదయ్యా," అన్నాడు అర్థం కానట్టు. "ఒక పూట పని. చూసుకుంటే అయిపోయేది."

శ్రీపర్ణుడు తల ఎత్తలేకపోయాడు. యువరాజు వేయబోయే ఏ శిక్షా ఆ మాటంత బరువుగా ఉండదని అతనికి తెలుసు.

కాళ్ళ కింద నేల గుమ్మంది. పైకప్పు స్ఫటికాలు ఒకదాని తర్వాత ఒకటి రాలి పగలసాగాయి. తూర్పు దారి కూలిపోయింది. పడమటి ద్వారం మీద విరిగిన స్తంభాలు గుట్టగా పడ్డాయి. మిగిలింది ఒక్కటే. శిలాముఖి నోరు తెరుచుకుని ఉంది. లోపల చీకటి సొరంగం, అందులోంచి తడిమట్టి వాసన, ఎక్కడో చాలా లోతున నీటి హోరు. ఇంకొకటి కూడా వినిపిస్తోంది. ఏదో పెద్ద ప్రాణి ఊపిరి తీసి వదులుతున్నట్టు.

"గణకా," అన్నాడు జయధ్వజుడు. "ఈ దారి క్షేమమేనా?"

నలభై జతల కళ్ళు శ్రీపర్ణుడి మీద పడ్డాయి. మైలమ కళ్ళు కూడా.

"నాకు తెలియదు ప్రభూ," అన్నాడు అతను. "మీరంతా ఇక్కడే ఉండండి. నేను వెళ్ళి, చివరి దాకా చూసి వచ్చి చెబుతాను."

గోడకి ఉన్న కాగడా పీకి పట్టుకున్నాడు. అతని నడుముకి తాడు ఇంకా ఉంది. దాని రెండో కొస మైలమ తన నడుము నుంచి విప్పి, అరచేతికి రెండు మెలికలు చుట్టుకుంది.

"ఆగిపోతే లాగుతాను," అంది.

శ్రీపర్ణుడు శిలాముఖి పెదవి దాటి లోపల అడుగుపెట్టాడు. పది అడుగులు వేసేసరికి వెనక వెలుతురు పోయింది. ఇరవై అడుగులకి ఎదటి ఊపిరి చప్పుడు ఆగింది. తర్వాత, కాగడా వెలుగు అందని చోట, రెండు పచ్చటి కళ్ళు అతని తల కంటే రెండు నిలువుల ఎత్తున నెమ్మదిగా తెరుచుకున్నాయి.

అతను ఇంకో అడుగు వేశాడు.